ఇంట్లో, ఇంటి చుట్టూ దోమలు పుట్టకుండా చేయడం ఎలా?

వీధిలో పొగ కొట్టి వెళ్లిన రెండు మూడు రోజులకే దోమలు మళ్లీ మొదలైతే, మందు కల్తీదని అనుకుంటాం. నిజానికి ఆ పొగ చంపేది ఆ కాసేపు గాలిలో ఎగురుతున్న దోమల్నే. నీళ్లలో ఉన్న లార్వాలకు (గుడ్డు నుంచి వచ్చిన పురుగులకు), తొట్టి గోడకు అంటుకున్న గుడ్లకు అది తగలదు. కాబట్టి అసలు పని నీళ్ల దగ్గర ఉంది. దాన్ని వారానికి ఒకసారి, తప్పకుండా చేయాలి.

వారమే ఎందుకు? వేడి వాతావరణంలో గుడ్డు పొదిగి, లార్వాగా, ఆ తరువాత ప్యూపాగా (దోమ అయ్యే ముందు దశ) మారి, దోమై ఎగరడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. ఈలోగా నీళ్లు తీసేస్తే ఆ విడత అక్కడితో ఆగిపోతుంది. పది పన్నెండు రోజులకోసారి చేస్తే ఎంత కష్టపడినా ఒక విడత ఎగిరిపోయాకే చేసినట్టవుతుంది. అందుకని వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి.

ముందు మీ దోమ ఏదో తెలుసుకోండి

ఒంటి మీద, కాళ్ల మీద తెల్లని చారలుండి పగలు కుట్టేది ఎడిస్. డెంగీ, చికున్‌గున్యా, జికా దీనివల్లే వస్తాయి. ఇది మురికి కాలువల కన్నా మనం నిల్వ చేసుకున్న శుభ్రమైన నీళ్లనే ఎక్కువగా కోరుకుంటుంది. మలేరియాను మోసే అనాఫిలిస్ రాత్రిపూట కుడుతుంది. గోడ మీద వాలినప్పుడు వెనక భాగం పైకి లేపి, ఏటవాలుగా ఉంటుంది. ఇది పుట్టేది కూడా చాలావరకు మురుగు లేని నీళ్లలోనే. రాత్రంతా చెవి దగ్గర రొద పెట్టేది ఎక్కువగా క్యూలెక్స్. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు దాని స్థావరాలు. బోదకాలును వ్యాపింపజేసేది ఇదే. పగలు కుడుతుంటే కాలువలో మందు చల్లి లాభం లేదు, ఇంట్లో వెతకాలి.

1. టార్చితో వెతకండి

కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక నీళ్లు పడే ట్రే, కుండీల కింద పళ్లేలు, మనీప్లాంట్ సీసా, పక్షులకు నీళ్లు పెట్టే మూకుడు, వాడని బాత్రూమ్‌లో కమోడ్, మేడ మీద పారేసిన డబ్బాలు, పాత టైర్లు, నీళ్లు నిలిచిన టార్పాలిన్ మడతలు, ఆకులు అడ్డుపడిన వాననీటి గొట్టాలు, లిఫ్ట్ గుంత. అరచేతిలో పట్టేంత నీళ్లు చాలు, దోమ గుడ్లు పెట్టేస్తుంది.

వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగేవి లార్వాలు. కామా ఆకారంలో ఉండి దొర్లుతున్నట్టు కదిలేవి ప్యూపాలు. ప్యూపాలు కనిపిస్తే వాయిదా వేయకండి. రెండు రోజుల్లో అవి దోమలైపోతాయి.

2. పారబోసి, తోమండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఎడిస్ తన గుడ్లను నీళ్లలో వదలదు, నీటి మట్టానికి కాస్త పైన తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. నల్లని నలుసుల్లా ఉండే ఆ గుడ్లు ఎండినా చావవు. నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ నీళ్లు తగిలిన రోజున పొదుగుతాయి. ఖాళీ చేసిన డ్రమ్ములో వారం తిరక్కుండానే పురుగులు కనిపించడానికి కారణం ఇదే. అందుకని నీళ్లు పారబోశాక గట్టి బ్రష్షుతోనో పీచుతోనో గోడలు, అంచులు, మూత లోపలి వైపు సబ్బుతో రుద్ది కడగండి. ఎండలో ఆరబెట్టడం అదనపు జాగ్రత్తే తప్ప తోమడానికి బదులు కాదు.

లార్వాలున్న నీళ్లను కాలువలో పోయకండి, అక్కడ బతికిపోవచ్చు. ఎండిన నేల మీద పోస్తే చస్తాయి. కుండీల పళ్లేల్లో అంచు దాకా ఇసుక నింపండి. టైర్లకు అడుగున రంధ్రాలు చేయండి, లేదా పైకప్పు కిందకు మార్చండి.

3. పారబోయలేని నీళ్లకు

ట్యాంకుకు మూత ఉండటమే సరిపోదు, సందు లేకుండా బిగియాలి. పొంగు నీరు పోయే గొట్టం నోరు చాలామంది మరిచిపోతారు. దోమ అక్కడి నుంచే లోపలికి దూరుతుంది. ఆ నోటికి, సెప్టిక్ ట్యాంక్ గాలి గొట్టానికి సన్నని మెష్ చుట్టి తీగతో బిగించండి. రంధ్రం 1.2 మిల్లీమీటర్లకు మించకూడదు.

మూత పెట్టలేని నిల్వ నీళ్లకు లార్వాలను చంపే టెమిఫాస్ అనే మందు 1 శాతం ఉన్న గుళికలు వాడతారు. మోతాదు 100 లీటర్లకు 10 గ్రాములు, అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము మందు. తాగే నీటిలోనైతే ఆరోగ్య సిబ్బంది చేతే వేయించండి. కాలువల కోసం అమ్మే ద్రవ రూపం టెమిఫాస్‌ను తాగునీటిలో ఎప్పుడూ కలపకూడదు. బీటీఐ అనే బ్యాక్టీరియా మందును లార్వాలు తిని చస్తాయి, మనుషులకు, చేపలకు హాని లేదు. కాని ప్యూపాలు ఏమీ తినవు. వాటి మీద బీటీఐ పనిచేయదు, గుడ్డతో వడగట్టి తీసేయాల్సిందే.

అలంకారపు కొలనులో లార్వాలను తినే గప్పీ చేపలు బాగా పనిచేస్తాయి. లార్వాలను తినే మరో రకం, గంబూసియా చేపల్ని మాత్రం చెరువుల్లో, వాగుల్లో వదలకండి. అవి అక్కడి స్థానిక చేపల్ని, కప్ప పిల్లల్ని కూడా తినేస్తాయి.

ఎడిస్ సాధారణంగా పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లు దాటిపోదు. కాబట్టి మీ ఇల్లు బాగుచేశాక కూడా పగలు కుడుతుంటే పక్క మేడలు చూడాలి. ఇరుగుపొరుగు కలిసి ఒకే రోజున ఈ పని చేస్తే ఫలితం త్వరగా తెలుస్తుంది.

4. కుట్టకుండా

దోమతెర అంచుల్ని పరుపు కిందకు దోపండి. ఒళ్లు తెరకు ఆనితే బయటి నుంచే కుడుతుంది. పగలు నిద్రపోయే పసిపిల్లలకు పగలే తెర కావాలి. దోమల్ని దరి చేరనీయని డీట్ అనే మందు 20 శాతం ఉన్న క్రీము సుమారు నాలుగైదు గంటలు కాపాడుతుంది. 2 నెలలు నిండని పిల్లలకు అది రాయకూడదు. సన్‌స్క్రీన్ వాడేవారు ముందు అది రాసుకుని, ఆ తరువాత ఈ క్రీము రాసుకోవాలి. శబ్దంతో దోమల్ని తరిమేస్తామనే పరికరాలకు డబ్బు పెట్టకండి, అవి పనిచేయవు. ఫ్యాను గాలి అంతకన్నా ఎంతో మేలు.

5. ఇంట్లో జ్వరం వస్తే

మలేరియా ఉన్న ప్రాంతంలో ఏ జ్వరమైనా ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించాలి. డెంగీ అనుమానం ఉంటే మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 (రక్తంలో వైరస్ ప్రోటీన్‌ను గుర్తించే) పరీక్ష, ఆ తరువాత ఐజీఎం (వైరస్‌పై ఒంట్లో తయారైన యాంటీబాడీలను గుర్తించే) పరీక్ష ఉపయోగపడతాయి. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే వాడండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గిందని నిశ్చింతగా ఉండకండి. డెంగీలో ప్రమాదం తరచూ మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు, జ్వరం దిగే సమయంలోనే ముంచుకొస్తుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, అశాంతి, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రోగి పగలు కూడా దోమతెరలోనే పడుకోవాలి. జ్వరం ఉన్న రోజుల్లో రోగిని కుట్టిన ఎడిస్ 8 నుంచి 12 రోజుల తరువాత ఇతరులకు డెంగీ అంటించగలుగుతుంది. కాబట్టి జ్వరం మొదలైన రోజే ఇల్లంతా మరోసారి టార్చి వేసి వెతకండి, వారం పూర్తయ్యే దాకా ఆగకండి.