ఓపిక తగ్గే వేళకు ఇంట్లోనే జ్యూస్, స్మూతీ: ఎలా చేయాలి?

సాయంత్రం నాలుగయ్యేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి. కాఫీ తాగితే కాసేపు హుషారుగా ఉంటుంది, కానీ కడుపు నిండదు. అలాంటప్పుడు ఒక గ్లాసు స్మూతీ, అంటే పండును వడగట్టకుండా చిక్కగా మిక్సీలో తిప్పింది, బాగా పనికొస్తుంది. జ్యూస్ అనకుండా స్మూతీ అన్నది కావాలనే.

మూడు నారింజలు ఒలుచుకుని తినడానికి పది నిమిషాలు పడుతుంది. వాటి రసమైతే నాలుగు గుక్కల్లో అయిపోతుంది. వడగట్టినప్పుడు పిప్పితో పాటు పీచు చాలావరకు చెత్తబుట్టలోకి పోతుంది కాబట్టి చక్కెర త్వరగా రక్తంలోకి చేరుతుంది, ఆకలీ త్వరగానే వేస్తుంది. పళ్లరసంలోని చక్కెరను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా విడిగా కలుపుకునే పంచదార లెక్కలోనే వేస్తుంది. రోజుకు 2000 కేలరీలు తినేవారికి ఇవన్నీ కలిపి 50 గ్రాములు దాటకూడదని దాని సలహా. అందుకే జ్యూస్ చిన్న గ్లాసుడు చాలు, అంటే 150 మిల్లీలీటర్లు. ఆకలి తీరాలంటే స్మూతీ చేసుకోండి.

అరటిపండు స్మూతీ (ఒకరికి)

కావలసినవి: బాగా మగ్గిన అరటిపండు 1, ఓట్స్ 2 టేబుల్ స్పూన్లు, పెరుగు అర కప్పు, పాలు అర కప్పు, వేయించిన పల్లీలు 1 టేబుల్ స్పూన్, గింజ తీసిన ఖర్జూరం 1.

1. అరటిపండును ముందురోజే చక్రాల్లా కోసి ఫ్రీజర్‌లో పెట్టండి. తొక్క మీద గోధుమ రంగు మచ్చలు వచ్చిన పండే తీసుకోండి. పిండిపదార్థం చాలావరకు చక్కెరగా మారి ఉంటుంది కాబట్టి పంచదార అక్కర్లేదు. గడ్డకట్టిన ముక్కలు వేస్తే ఐస్ లేకుండానే చల్లగా, చిక్కగా వస్తుంది.

2. ఓట్స్, ఖర్జూరం పాలలో పది నిమిషాలు నానబెట్టండి. ఖర్జూరం నానకపోతే బ్లేడుకు చుట్టుకుంటుంది.

3. మిక్సీ జార్‌లో ముందు పాలు, పెరుగు పోయాలి. తర్వాత ఓట్స్, ఖర్జూరం, పల్లీలు, అన్నిటికంటే పైన గడ్డకట్టిన ముక్కలు. ఈ వరస తప్పితే బ్లేడు కింద ఖాళీగా తిరుగుతుంది, పైన ముక్కలు కదలనే కదలవు. జార్‌లో మూడో వంతు ఖాళీ వదలండి.

4. ముందు రెండు మూడుసార్లు ఆపి ఆపి తిప్పి, తర్వాత అర నిమిషం ఆపకుండా తిప్పండి. మొదట గరగరమంటూ ఉన్న చప్పుడు మెత్తబడి ఒకే తీరుగా వినిపిస్తే అయిపోయినట్టే. ఇంకా తిప్పితే వేడెక్కి నురగ వస్తుంది.

పల్లీలు పడనివారు వాటి బదులు గుమ్మడి గింజలు వేసుకోవచ్చు. తేనె కలపాలనిపిస్తే మీ ఇష్టం, నేనైతే కలపను. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె అసలు ఇవ్వకూడదు.

బీట్‌రూట్ జ్యూస్

వ్యాయామానికి ముందు తాగడానికి నా ఓటు దీనికే. బీట్‌రూట్‌లోని నైట్రేట్లు ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను కాస్త వదులు చేస్తాయి. దానికి రెండు మూడు గంటలు పడుతుంది, కాబట్టి బూట్లు వేసుకుంటూ తాగితే లాభం లేదు.

చెక్కు తీసిన సగం బీట్‌రూట్, ఒక క్యారెట్ చిన్న ముక్కలుగా కోసి, గింజలు తీసిన నారింజ తొనలు, గోరంత అల్లం, అర గ్లాసు నీళ్లతో మెత్తగా తిప్పండి. పల్చని బట్టతో పిండేయకుండా పెద్ద రంధ్రాల జల్లెడలో వడకడితే కొంత పీచైనా మిగులుతుంది. మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే టెన్షన్ పడకండి, కొందరికి బీట్‌రూట్ వల్ల అలా అవుతుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవారు మాత్రం బీట్‌రూట్, పాలకూర తాగే ముందు డాక్టర్‌ను అడగాలి. రెండింటిలోనూ ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీలో చాలా రాళ్లు వీటితోనే ఏర్పడతాయి.

పాలకూరతో చేసుకుంటే గుప్పెడు ఆకు, ఒక ఆపిల్, సగం నిమ్మకాయ రసం సరిపోతాయి. నిమ్మరసంలోని సి విటమిన్ ఆకులోని ఇనుము ఒంటికి పట్టేందుకు సాయపడుతుంది, ఆపిల్ నల్లబడకుండానూ చూస్తుంది. ఆకు పచ్చగా, స్ట్రాబెర్రీ ఎర్రగా ఉన్నాయి కదా అని రెండూ కలిపారో, బురద రంగు వస్తుంది. రుచికి ఢోకా ఉండదు గానీ పిల్లలు ముట్టుకోరు.

ఇక నేను చేసిన తప్పు. ఒకసారి పచ్చి పైనాపిల్, పాలు కలిపి తిప్పి, తర్వాత తాగుదామని పక్కన పెట్టాను. అరగంట తర్వాత నోట్లో పోసుకుంటే చేదు! పాలు పాడయ్యాయనుకుని మళ్లీ కొత్త పాలతో చేశాను, మళ్లీ అంతే. పైనాపిల్‌లోని ఎంజైమ్ పాలలోని ప్రొటీన్లను ముక్కలు చేస్తుంది, ఆ చేదు అందువల్లే. కివి, బొప్పాయితోనూ ఇదే గొడవ. వాటితో చేసినప్పుడు వెంటనే తాగేయండి, లేదా పైనాపిల్ ముక్కలను ఉడికించి వాడండి, వేడికి ఆ ఎంజైమ్ పనిచేయదు.

సొరకాయ, కీర రసం చేదుగా తగిలితే మాత్రం ఉప్పో నిమ్మరసమో కలిపి సర్దుకోకండి. ఆ చేదు విషం కావచ్చు, వెంటనే ఉమ్మేసి మొత్తం పారబోయండి.

మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటిలోగా తాగేయండి. గ్లాసులోకి వంపుకోగానే జార్‌లో సగం నీళ్లు, ఒక చుక్క సబ్బు వేసి పది సెకన్లు తిప్పండి. ఓట్స్ ఎండిపోయాక బ్లేడు కింద గోకడం మహా విసుగు.