స్మిత్ మెషీన్ నుంచి విడి బార్‌కి మారాలంటే

జిమ్‌లో ఉండే స్మిత్ మెషీన్‌లో బరువులు తగిలించే బార్ రెండు పట్టాల మధ్య బిగించి ఉంటుంది. పైకీ కిందకీ తప్ప ఎటూ కదలదు. బరువు ముందుకు తూలకుండా, పక్కకు ఒరగకుండా మెషీనే పట్టుకుంటుంది. అందుకే దాని మీద 80 కిలోలు లేపేవారు విడి బార్‌తో అంతే బరువు భుజాన వేసుకుంటే తడబడతారు. తొడల్లో బలం ఉన్నా, నిలదొక్కుకునే పని నడుముకూ పొట్టకూ తుంటి కండరాలకూ అలవాటు కాలేదు.

అంకెలనూ నమ్మలేం. మామూలు ఒలింపిక్ బార్ 20 కిలోలు. స్మిత్ బార్‌కి చాలాచోట్ల ఎదురు బరువు (బార్‌ని పైకి లాగే బరువు) కట్టి ఉంటుంది కాబట్టి చేతికి తగిలే భారం మెషీన్‌ని బట్టి మారుతుంది. పట్టాలు దుమ్ముపట్టి ఉంటే లేపేటప్పుడు బరువు ఎక్కువగా, దించేటప్పుడు తక్కువగా తెలుస్తుంది.

అసలు చిక్కు బార్ వెళ్లే దారిలో ఉంది. బెంచ్ ప్రెస్‌లో (బెంచీ మీద వెల్లకిలా పడుకుని బార్‌ని పైకి నెట్టడం) బార్ ఛాతీ కింది భాగాన్ని తాకి, పైకి పోతూ భుజాల మీదికి కొంచెం వంపు తిరగాలి. స్మిత్‌లో ఆ వంపు కుదరదు. బెంచీని ఛాతీకి సరిగ్గా అమర్చితే పైన బార్ భుజాలకు ముందే నిలుస్తుంది. భుజాలకు సూటిగా అమర్చితే కిందికి వచ్చేసరికి బార్ మెడ వైపు దిగుతుంది, మోచేతులు పక్కలకు విచ్చుకుని భుజం కీలు ముందుభాగం మీద ఒత్తిడి పడుతుంది. స్క్వాట్‌లో (బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీలా కూర్చుని లేవడం) చాలామంది పాదాలు ముందుకు చాచి, బార్‌కి వీపు ఆనిస్తారు. అలా లోతుకు దిగితే తుంటి లోపలికి ముడుచుకుని నడుము గుండ్రమవుతుంది. డెడ్‌లిఫ్ట్‌కైతే (నేల మీది బార్‌ని పట్టుకుని లేచి నిలబడడం) ఈ మెషీన్ వద్దనే చెబుతాం. 45 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ప్లేట్లు వేస్తే బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. చాలా మెషీన్లలో అంత కిందికి దిగనే దిగదు.

మారడానికి ముందు రెండు వారాలు గాబ్లెట్ స్క్వాట్ చేయండి. ఒక డంబెల్‌ని ఛాతీకి హత్తుకుని, 10 రెప్స్ (ఒకసారి దిగి లేస్తే ఒక రెప్) చొప్పున 3 సెట్లు, అంటే 3 విడతలు. మడమలు లేవకుండా కిందిదాకా దిగగలిగాక ర్యాక్ (విడి బార్‌ని ఆనించే నిలువు స్టాండు) దగ్గరికి వెళ్లండి.

ర్యాక్ కొక్కేలు ఛాతీ మధ్య ఎత్తులో ఉండాలి. బార్ తీయడానికి మునివేళ్ల మీద లేవాల్సి వస్తే ఒక రంధ్రం కిందికి మార్చండి. సేఫ్టీ పిన్నులను (లేపలేకపోతే బార్‌ని ఆపే అడ్డకడ్డీలు), మీరు పూర్తిగా దిగినప్పుడు బార్ ఉండే చోటికి 2, 3 సెంటీమీటర్ల కింద పెట్టండి. ఈ పని మానేసి బరువు ఎక్కించడం అన్నిటికంటే ప్రమాదకరం.

స్క్వాట్‌కి మొదటి రోజు ఖాళీ బార్ చాలు. బార్ మెడ ఎముక మీద కాకుండా దాని కింది కండ మీద ఆనాలి. ఊపిరి నిండా పీల్చి, పొట్ట బిగించి బార్ లేపండి. వెనక్కి రెండు మూడు చిన్న అడుగులు చాలు. దిగేటప్పుడూ లేచేటప్పుడూ బార్ పాదం మధ్యకు సూటిగా ఉండాలి. ఫోన్‌ని మీకు పక్కవైపున నిలబెట్టి వీడియో తీస్తే ఇది తెలిసిపోతుంది. వారానికి 3 రోజులు, 5 రెప్స్ చొప్పున 3 సెట్లు చేస్తూ ప్రతిసారీ 2.5 కిలోలు కలపండి. మడమలు లేచినా, లేచేటప్పుడు భుజాల కంటే ముందు పిరుదులు పైకి వెళ్లినా ఆ రోజు బరువు పెంచకండి.

బెంచ్ ప్రెస్‌కి స్పాటర్ (అవసరమైతే బార్ అందుకునే తోడు మనిషి) గానీ పిన్నులు గానీ ఉండాల్సిందే. ఛాతీ ఎత్తి పెట్టినప్పుడు బార్ ఛాతీని తాకాలి, ఛాతీ దించితే పిన్నుల మీద ఆగాలి. బొటనవేలిని బార్ చుట్టూ తిప్పి పట్టుకోండి. స్పాటర్, పిన్నులు రెండూ లేకపోతే ఇంకా రెండు మూడు రెప్స్ ఓపిక మిగిలి ఉండగానే సెట్ ఆపేయండి, కాలర్లు (ప్లేట్లు జారకుండా పెట్టే క్లిప్పులు) బిగించకండి. బార్ ఛాతీ మీద ఇరుక్కుంటే ఒక పక్కకు వంచి ప్లేట్లు జార్చేయవచ్చు.

స్మిత్ మెషీన్‌ని పూర్తిగా వదిలేయనక్కర్లేదు. పిక్కల వ్యాయామానికీ, బార్ కింద వేలాడి ఛాతీని పైకి లాగే ‘రో’ వ్యాయామానికీ అది బాగానే పనికొస్తుంది. దాన్ని వాడిన ప్రతిసారీ బార్‌ని ఆపే కింది స్టాపర్లు పెట్టండి. కొక్కెం పడాలంటే మణికట్టు తిప్పాలి, అలసిపోయిన చేయి ఆ క్షణంలో తిరగకపోవచ్చు. జిమ్‌లో ర్యాకే లేకపోతే డంబెల్ ప్రెస్, డంబెల్ లంజ్ (ఒక కాలు ముందుకు వేసి దిగి లేవడం), డంబెల్ రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొద్దిగా వంచి తుంటి దగ్గర వంగి లేవడం) చేసుకోండి. స్మిత్ మీద అవే లిఫ్టులు చేయడం కంటే ఇవి మేలు.