అమెరికాలో మీ కౌంటీ కమ్యూనిటీ ఫౌండేషన్ నుంచి గ్రాంట్ తెచ్చుకోవడం ఎలా?

అమెరికాలో తెలుగు సంఘాలకు డబ్బు ఎలా వస్తుందో అందరికీ తెలిసిందే. టికెట్లు, రియల్టర్ల బ్యానర్లు, అవి చాలకపోతే నలుగురు స్నేహితుల చెక్కులు. ఉగాది వేడుకకు ఇది సరిపోతుంది. పెద్దవాళ్లకు వారం వారం ఏదైనా కార్యక్రమం, పిల్లలకు ఉచిత ట్యూషన్, గుడి ఆవరణలో ఫుడ్ ప్యాంట్రీ లాంటివి ఏడాదంతా నడపాలంటే మాత్రం చాలదు. ఇలాంటి పనులకే డబ్బిచ్చే సంస్థ దాదాపు ప్రతి పెద్ద ఊళ్లో ఉంటుంది. అదే కమ్యూనిటీ ఫౌండేషన్.

మొదటిది 1914లో క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. పెట్టినవాడు ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకర్. డబ్బున్నవాళ్లు ‘ఫలానా పనికే వాడాలి’ అని వీలునామా రాసి పోయేవారు. ఆ అవసరం తీరిపోయాక కూడా ఆ డబ్బు కదిలేది కాదు. అందుకని గాఫ్ దాతల డబ్బును ఒక చోటికి చేర్చి, ఊరికి ఇప్పుడేం కావాలో స్థానికుల కమిటీ చూసి పంచే ఏర్పాటు చేశాడు. డాలస్‌లో డాలస్ ఫౌండేషన్ 1929 నుంచి ఉంది. బే ఏరియాలో రెండు సంస్థలు కలిసి 2007లో సిలికాన్ వ్యాలీ కమ్యూనిటీ ఫౌండేషన్ అయ్యాయి.

1. మీ ప్రాంతానికి ఏది వర్తిస్తుందో చూడండి

ఒక్కో ఫౌండేషన్‌కు కొన్ని కౌంటీలు ఉంటాయి. అందరూ దరఖాస్తు చేసుకోగల పోటీ గ్రాంట్లు సాధారణంగా ఆ హద్దు దాటవు. ‘మా ఊరి బడికి బెంచీలు కొనిస్తాం’ అని గుంటూరు జిల్లా పని పట్టుకెళితే మొదటి పేజీలోనే పక్కన పెడతారు. అది మంచి పనే, కానీ ఈ డబ్బు దానికి కాదు.

2. కాగితాలు సరిచూసుకోండి

మీ సంస్థకు ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఇచ్చిన 501(సి)(3) గుర్తింపు, అంటే సేవా సంస్థ అన్న గుర్తింపు, ఉండాలి. సోషల్ క్లబ్బుగా 501(సి)(7) కింద నమోదైతే పన్ను మినహాయింపు ఉన్నా ఇక్కడ పనికిరాదు. ఏటా 50,000 డాలర్ల లోపు రాబడి ఉన్న చిన్న సంస్థలు 990-ఎన్ అనే చిన్న ఫారం ఆన్‌లైన్‌లో నింపితే చాలు. కమిటీ మారినప్పుడల్లా మరిచిపోయేది సరిగ్గా దీన్నే. పాత ట్రెజరర్ కొత్తాయన చూసుకుంటాడనుకుంటాడు, కొత్తాయనకు ఆ ఫారం ఉందనే తెలియదు. వరసగా మూడేళ్లు వేయకపోతే గుర్తింపు దానంతట అదే రద్దవుతుంది. ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో మీ సంస్థ పేరు కొట్టి ఈ రోజే చూసుకోండి.

అసలు గుర్తింపే లేకపోతే? గుర్తింపు ఉన్న మరో సంస్థను ఫిస్కల్ స్పాన్సర్‌గా పెట్టుకోవచ్చు. డబ్బు వాళ్ల ఖాతాలో పడుతుంది, నిర్వహణకు కొంత శాతం పట్టుకుంటారు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, స్నేహం మీద నడిపించకండి.

3. రాయకముందే ఫోన్ చేయండి

నన్నడిగితే మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. ఫౌండేషన్ దగ్గర వందల కోట్ల డాలర్లున్నాయని విని ఆశపడతాం. అందులో పెద్ద భాగం దాతలు పేరుపేరునా పెట్టుకున్న ఖాతాల్లో ఉంటుంది, ఎవరికివ్వాలో సూచించేది ఆ దాతలే. అందరూ దరఖాస్తు చేసుకోగల డబ్బు తక్కువే. అందుకే ఫౌండేషన్‌లో గ్రాంట్ల పని చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో పరిచయం అవసరం. ఈసారి గ్రాంట్ రాకపోయినా, ఇలాంటి పనికి ఇవ్వాలనుకునే దాత ఎదురైతే మీ పేరు చెప్పేది ఆ ఆఫీసరే.

మనవాళ్లకు ఇలా ఫోన్ చేయడం మొహమాటం, పైరవీ చేస్తున్నట్టు అనిపిస్తుంది. టెన్షన్ అక్కర్లేదు, అలాంటి ప్రశ్నలకు జవాబివ్వడం వాళ్ల ఉద్యోగంలో భాగం. ‘మేం అనుకున్న పని మీ ఈ ఏటి ప్రాధాన్యాల్లోకి వస్తుందా? మొదటిసారి అడిగేవాళ్లకు మామూలుగా ఎంత ఇస్తారు?’ ఈ రెండూ అడిగితే చాలు.

4. సంఘం గురించి కాదు, మనుషుల గురించి రాయండి

‘మా సంఘం ఇరవై ఏళ్లుగా తెలుగు భాషా సంస్కృతుల పరిరక్షణకు అంకితభావంతో కృషి చేస్తోంది.’ సావనీర్‌లో బాగుంటుంది, దరఖాస్తులో దీనివల్ల ఒరిగేదేం లేదు. ఇలా రాయండి: ‘పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దవాళ్లు పగలంతా ఇంట్లో ఒంటరిగా గడుపుతున్నారు. కారు నడపలేరు, డాక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడలేరు. వారానికి రెండు పూటలు లైబ్రరీ గదిలో 40 మందికి బీపీ చూస్తాం, బస్సు ఎక్కడం, అపాయింట్‌మెంట్ తీసుకోవడం నేర్పుతాం.’

ఎవరైనా రావచ్చని స్పష్టంగా రాయండి. తెలుగు పెద్దవాళ్లతో మొదలుపెట్టినా, పక్కింటి స్పానిష్ మాట్లాడే అమ్మమ్మకూ కుర్చీ ఉండాలి. గుడి తరఫున అడుగుతుంటే అన్నదానం, ప్యాంట్రీ లాంటి సేవ వేరు, పూజ వేరు. పూజా కార్యక్రమాలకు సాధారణంగా ఇవ్వరు. ఎన్నికల ప్రచారం మాటైతే ఎత్తనే వద్దు.

5. బడ్జెట్

10,000 డాలర్లు అడుగుతున్నారనుకోండి. కోఆర్డినేటర్‌కు గంటకు 20 చొప్పున వారానికి 6 గంటలు, 50 వారాలకు 6,000. కారు లేనివాళ్ల రాకపోకలకు 1,800. బీపీ మెషీన్లు, కాగితాలు, టీ ఖర్చు 900. ఇన్సూరెన్స్ 600. లెక్కలు చూసేవాళ్లకు 700. ప్రతి అంకె ఎలా వచ్చిందో పక్కనే రాయండి. ‘ఇతర ఖర్చులు 3,000’ అని రాస్తే అక్కడే అనుమానం మొదలవుతుంది.

అన్నీ వాలంటీర్లే చేస్తారు, జీతం అడగడం బాగుండదు అని ఆ పద్దు తీసేయకండి. ఎవరో ఒకరికి బాధ్యత, జీతం లేకపోతే పని ఏడాది నిలుస్తుందా అని ఫౌండేషన్ వాళ్లే అడుగుతారు. ఉచితంగా వచ్చే డాక్టర్ల సమయం, లైబ్రరీ గది కూడా విలువ కట్టి విడిగా చూపండి. ఊరు మీ వెనక ఉందనడానికి అదే రుజువు.

6. డబ్బు వచ్చాక

ఒప్పందంలో రాసిన పనికే వాడాలి. సమన్వయం చేసేవాళ్లు మధ్యలో మానేసినా, 40 మంది అనుకున్నచోట 22 మందే వస్తున్నా ముందే ఈమెయిల్ పెట్టి మార్పుకు అనుమతి అడగండి. చివర్లో బయటపడితేనే ఇబ్బంది. మొదటి రోజు నుంచే హాజరు పట్టీ, రసీదులు ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే తుది నివేదిక ఒక సాయంత్రం పని. ఆ నివేదిక ఇవ్వని సంస్థ మళ్లీ దరఖాస్తు చేసుకోవడానికి చాలాచోట్ల ఒప్పుకోరు.

గ్రాంట్ రాకపోతే, ఎందుకు రాలేదో అడగండి. చాలామంది ప్రోగ్రామ్ ఆఫీసర్లు ఫోన్‌లో పావుగంట మాట్లాడతారు. చెప్పింది అప్పటికప్పుడే రాసిపెట్టుకుని, వచ్చే ఏడు కమిటీ మారినా చేతికందేలా దరఖాస్తు ఫైల్లోనే పెట్టండి.