సహోద్యోగితో మాట పట్టింపు వచ్చిందా? ఇలా మాట్లాడి చూడండి

కోపంలో రాసిన మెయిల్ ఉంటే ముందు దాన్ని పంపకుండా ఆపండి. రాతలో గొంతు వినపడదు. మెయిల్‌లో మన ఉద్దేశం అవతలివాళ్లకు ఎంత బాగా అందుతుందనుకుంటామో, నిజానికి అంత అందదని 2005లో మనస్తత్వ పరిశోధకులు క్రూగర్, ఎప్లీ బృందం ప్రయోగాలు చేసి చూపించింది. ఇలాంటివి ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సినవే.

మాట్లాడే ముందు, జరిగినదాన్నీ మీరు అనుకున్నదాన్నీ విడివిడిగా రాసుకోండి. ‘బుధవారం ఇస్తానన్న రిపోర్టు శుక్రవారం వచ్చింది’ అనేది జరిగింది. ‘నేనంటే లెక్కలేదు’ అనేది మీరు అనుకున్నది. మన పని ఆలస్యమైతే పరిస్థితులు అలా వచ్చాయంటాం, పక్కవాళ్లది ఆలస్యమైతే బాధ్యత లేదంటాం. సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయని నా నమ్మకం.

తర్వాత వాళ్లను విడిగా అడగండి. నలుగురిలో వద్దు. “రిపోర్టు గురించి పది నిమిషాలు మాట్లాడాలి, మధ్యాహ్నం వీలవుతుందా?” అంటే చాలు. విషయమేంటో చెప్పకుండా “మీతో మాట్లాడాలి” అని వదిలేస్తే అప్పటిదాకా వాళ్లకు టెన్షనే.

అసలు కష్టం మొదటి వాక్యంలో ఉంది. “మీరెప్పుడూ ఇంతే” అన్నారో, ఇక వాళ్లు తమను తాము సమర్థించుకునే పనిలో పడతారు. దాని బదులు ఇలా అనండి: “రిపోర్టు శుక్రవారం రావడంతో క్లయింటుకు నేను జవాబు చెప్పలేకపోయాను. ఎక్కడ ఆగింది?” అడిగాక మధ్యలో అడ్డు తగలకండి. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి: “అంటే గురువారం దాకా అంకెలు మీ చేతికే రాలేదు, అంతేనా?” చాలాసార్లు తప్పు మనిషిలో కాక పని జరిగే పద్ధతిలో ఉందని ఇక్కడే బయటపడుతుంది. మీ వైపు పొరపాటు కూడా తేలితే అక్కడికక్కడే ఒప్పుకోండి.

“ఇకమీదట జాగ్రత్తగా ఉందాం” అని లేచిపోవద్దు. ఆలస్యమయ్యేలా ఉంటే ముందురోజు సాయంత్రంలోగా చెప్పాలి, ఎవరు ఎవరికి చెప్పాలి అన్నంత స్పష్టంగా తేల్చుకోండి. ఆ రోజే రెండు లైన్ల మెయిల్ పెట్టుకుంటే మంచిది.

బెదిరింపు, వేధింపు, అవమానం ఉన్నచోట మాత్రం ఈ పద్ధతి వద్దు. అది ఇద్దరూ కూర్చుని తేల్చుకునే గొడవ కాదు. పని ప్రదేశాల్లో హింస, వేధింపులకు వ్యతిరేకంగా అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ప్రత్యేకంగా 190వ ఒప్పందాన్నే ఆమోదించింది. తేదీలు, మెసేజ్‌లు, అప్పుడు అక్కడున్నవాళ్ల పేర్లు భద్రపరచి, హెచ్‌ఆర్‌కు గానీ పై అధికారికి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.