కారు బ్రేకుల్లో ఎయిర్ తీయడం ఎలా? నిపిల్ బిగించాకే కాలు ఎత్తాలి

పెడల్ స్పాంజిలా మెత్తగా దిగుతుంటే లైన్‌లో ఎయిర్ పట్టినట్టే. పెడల్ బాగానే ఉన్నా రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చాల్సిందే. ఇది గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక గ్రేడ్) కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, నీరు పట్టిందంటే 155 దగ్గరే మరగొచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అలా మరిగిందా, పెడల్ నేలకంటుతుంది.

సీలు విప్పని ఒక లీటరు ఆయిల్, నిపిల్‌కి (ప్రతి చక్రం బ్రేకు దగ్గర ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న బోల్టు) సరిపడే రింగు పానా (ఎక్కువగా 8 లేదా 10 ఎంఎం), పారదర్శకంగా ఉండే గొట్టం, సీసా, జాకీ, స్టాండ్లు, సాయానికి ఒక మనిషి. ఆయిల్ గ్రేడ్ బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీదే ఉంటుంది. డాట్ 5 సిలికాన్‌ది, పోయకండి. వాన పడుతుంటే డబ్బా మూత తీయొద్దు.

ఇంజిన్ ఆపి, ట్యాంకులోని పాత ఆయిల్‌ను సిరంజితో లాగేసి, కొత్తది మ్యాక్స్ గీత దాకా పోయండి. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరసలో చేయాలి. మాన్యువల్ వేరే వరస చెబితే దాన్నే పాటించండి.

పని చెడేది ఇక్కడే. గొట్టం ఒక కొస నిపిల్‌కి తొడిగి, రెండో కొసను సీసాలో కాస్త పోసిన కొత్త ఆయిల్‌లో ముంచండి. లోపలి మనిషి పెడల్ తొక్కి పట్టాలి. మీరు నిపిల్ పావు చుట్టు వదులు చేయగానే పెడల్ కిందికి దిగుతుంది. దిగినా కాలు ఎత్తకూడదు. మీరు నిపిల్ బిగించి "వదులు" అన్నాకే ఎత్తాలి. ముందే ఎత్తితే బయటి గాలి లోపలికి పోతుంది, అంతవరకు చేసినదంతా వృథా. మాట స్పష్టంగా వినపడాలి, అందుకే పాటలు, ఫోన్లు కట్టేయండి.

పాత కారైతే పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. లేకపోతే రోజూ అంత లోతుకు వెళ్లని మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి నెట్టేది) సీళ్లు తుప్పు పట్టిన చోట రాసుకుని చిరుగుతాయి. అయిదారు తొక్కులకోసారి ట్యాంకు చూడండి. మిన్ గీత దిగనివ్వకండి, ట్యాంకు ఖాళీ అయి గాలి లాగితే మళ్లీ మొదటి నుంచే. బుడగలు ఆగి, లేతరంగు ఆయిల్ వచ్చేదాకా కానివ్వండి.

నిపిల్ దగ్గర నుంచి ఆయిల్‌ను లాగే వ్యాక్యూమ్ పంపు కన్నా ఇద్దరు మనుషుల పద్ధతే మేలు. పంపు నిపిల్ మరల (థ్రెడ్ల) సందుల్లోంచి గాలి లాగుతుంది, లైన్ శుభ్రంగా ఉన్నా బుడగలు కనిపిస్తూనే ఉంటాయి.

నిపిల్ చిన్నది, గట్టిగా బిగిస్తే తెగుతుంది. పెయింట్ మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి.

పెడల్ గట్టిగానే ఉండి లోతుకు దిగుతుంటే అది ఎయిర్ కాదు, వెనక డ్రమ్ము బ్రేకుల షూ సర్దుబాటు తప్పి ఉండొచ్చు. తొక్కి పట్టినప్పుడు మెల్లగా జారుతుంటే ఎక్కడో లీక్, లేదా మాస్టర్ సిలిండర్ పోయింది. ఏబీఎస్ యూనిట్‌లో గాలి చేరితే స్కానర్ లేకుండా కుదరకపోవచ్చు. అన్నీ సరిగ్గా ఉంటే ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి బ్రేకులు చూడండి, మర్నాడు నాలుగు నిపిళ్లూ తడిగా ఉన్నాయేమో వేలితో తడమండి.