పెద్దవాళ్ళకి ఆటలమ్మ పోస్తే మొదటి రోజే చేయాల్సిన పనులు

ఇరవై దాటినవాళ్ళ ఒంటి మీద నీటి పొక్కులు కనబడితే ముందు టైము చూడండి. మొదటి పొక్కు ఎప్పుడు కనబడిందో కాగితం మీద రాసిపెట్టండి. అప్పటినుంచి 24 గంటల్లోపు డాక్టరుకి చూపిస్తే, ఈ వైరస్‌ని అణిచే ఎసైక్లోవిర్ మాత్రలు బాగా పనిచేస్తాయి. ఆలస్యమయ్యేకొద్దీ వాటివల్ల వచ్చే మేలు తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లలకి ఈ తొందర అంతగా అక్కర్లేదు. చాలామందికి విశ్రాంతితోనే తగ్గుతుంది. పెద్దవాళ్ళ సంగతి వేరు. అమెరికాలో 1995లో టీకా వాడకం మొదలవడానికి ముందు, ఈ జబ్బుతో చనిపోయే ప్రమాదం పిల్లలకన్నా పెద్దవాళ్ళకి 20 రెట్లకు పైగా ఉండేది. పిల్లల్లో అది లక్షమందికి ఒకరు. అంటే పెద్దవాళ్ళలోనూ దాదాపు అందరూ కోలుకుంటారు, భయపడి నీరుగారిపోవాల్సిన పని లేదు. ఆలస్యం మాత్రం చేయకూడదు.

నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మాది ఖమ్మం వైపు. ఇప్పుడు హైదరాబాద్ ఎస్.ఆర్.నగర్‌లో ఉంటున్నాం. మా పై అంతస్తుల్లో కోచింగులకి వచ్చిన కుర్రాళ్ళు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు అద్దెకుంటారు, గదికి నలుగురు చొప్పున. సంక్రాంతి వెళ్ళి ఎండలు ముదిరేలోపు వాళ్ళలో ఎవరో ఒకరికి ఆటలమ్మ పోయడం దాదాపు ఏటా చూస్తున్నాను. మనలాంటి వేడి దేశాల్లో ఇది చిన్నప్పుడు రాకుండానే పెద్దయినవాళ్ళు చలిదేశాల్లోకన్నా ఎక్కువ. ఊళ్ళో తప్పించుకున్న కుర్రాడికి పట్నంలో ఇరుకు గదిలో అంటుకుంటుంది.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అబ్బాయికి పొక్కులు లేచినప్పుడు వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "మందులేం ఏపియ్యకు అక్కా, తల్లికి కోపం వస్తది" అంది. ఆ మాట అనే తల్లిని కసురుకుంటే పని జరగదు. కొడుకు దూరంగా ఉన్నాడు, ఆమె చేయగలిగింది మొక్కుకోవడమే. "చెల్లీ, నీ మొక్కు నువ్వు మొక్కుకో. వేపాకు నేను పరుస్తా, పెరుగన్నం నేను పెడతా. గోలీలు కూడా నా చేత్తోనే వేస్తా. ఏదన్నా తప్పుంటే నాది" అన్నాను. ఒప్పుకుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడాల్సి వస్తే మీరూ ఇలాగే మాట్లాడండి. రోగిని వేరే గదిలో ఉంచడం, బయటివాళ్ళని రానివ్వకపోవడం, పనికి పంపకపోవడం, ఒంటిని చల్లగా ఉంచడం - ఇవన్నీ మన ఇళ్ళలో ముందునుంచీ ఉన్న మంచి పద్ధతులు. వాటికి మందు కలవాలి, అంతే.

అది ఆటలమ్మేనా అని తెలుసుకోవడం ఎలా? పెద్దవాళ్ళకి సాధారణంగా పొక్కులకి ఒకటి రెండు రోజుల ముందే జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు వస్తాయి. చాలామంది వైరల్ ఫీవర్ అనుకుంటారు. తర్వాత ఛాతీ, వీపు, ముఖం మీద ఎర్రటి చుక్కలు లేచి, గంటల్లోనే వాటిలో నీరు చేరుతుంది. తల వెంట్రుకల మధ్య కూడా వెతకండి. రెండో రోజుకి ఒకేచోట ఎర్ర చుక్క, నీటి పొక్కు, ఎండుతున్న చెక్కు పక్కపక్కనే కనబడితే ఇంక అనుమానం అక్కర్లేదు. అయితే అప్పటిదాకా ఆగకండి. నీటి పొక్కులు నాలుగైదు కనబడగానే బయల్దేరండి.

వెళ్ళేముందు ఆసుపత్రికి ఫోన్ చేసి విషయం చెప్పండి, వెయిటింగ్ హాల్లో గర్భిణుల పక్కన కూర్చోకుండా ఏర్పాటు చేస్తారు. మాస్కు పెట్టుకుని ఆటోలో వెళ్ళండి. బస్సు, మెట్రో వద్దు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ ఉంది, పాతవాళ్ళు కోరంటి దవాఖాన అంటారు. అంటువ్యాధుల కోసమే పెట్టిన సర్కారు ఆసుపత్రి అది. డబ్బు లేదని గదిలో పడుకోవద్దు.

పెద్దవాళ్ళకి ఎసైక్లోవిర్ సాధారణంగా 800 మిల్లీగ్రాములు, రోజుకి ఐదుసార్లు, ఏడు రోజులు రాస్తారు. వాలసైక్లోవిర్ అయితే రోజుకి మూడుసార్లు చాలు. మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక ఎసైక్లోవిర్ తెచ్చుకుని వేసుకోకండి. పెదవి మీద పొక్కులకిచ్చే చిన్న డోసు దీనికి సరిపోదు. కిడ్నీ జబ్బు ఉంటే డోసు మార్చాలి కాబట్టి ముందే చెప్పండి. మాత్రలు వాడినన్నాళ్ళూ నీళ్ళు బాగా తాగాలి. రోజుకి ఐదుసార్లంటే కుర్రాళ్ళు మర్చిపోతారు, అందుకని ఫోన్లో అలారాలు పెట్టిస్తాను.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఐబుప్రొఫెన్ కలిసిన మాత్రలు వద్దు, వాటితో చర్మంలో తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్ కూడా వద్దు. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు మాత్రం తమంతట తాము ఆపకుండా డాక్టర్ని అడగాలి. ఇంకో మాట గట్టిగా చెప్తున్నాను: దద్దుర్లు చూసి ఎలర్జీ అనుకుని స్టెరాయిడ్ సూది పొడిచేవాళ్ళున్నారు. ఆటలమ్మలో స్టెరాయిడ్ పడితే వైరస్ ఒళ్ళంతా విజృంభించవచ్చు. సూది వేయబోతే అదేం మందో అడగండి, అడగడం మీ హక్కు. ఉబ్బసానికో కీళ్ళవాతానికో ముందునుంచే స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్ళు వాటిని హఠాత్తుగా ఆపకూడదు. అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి.

పెద్దవాళ్ళలో నేను ఎక్కువ భయపడేది ఊపిరితిత్తుల గురించి. ఈ వైరస్ వల్ల న్యుమోనియా రావచ్చు, మామూలుగా పొక్కులు లేచిన మొదటి వారంలోనే. సిగరెట్, బీడీ తాగేవాళ్ళకి, గర్భిణులకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకి ముప్పు మరీ ఎక్కువ. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ బీరువాలో ఉంటే తీయండి. పొద్దున, సాయంత్రం వేలికి పెట్టి చూసి, టైము పక్కన రాయండి. 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి వెళ్ళాలి. అంకె బాగానే ఉన్నా పొడి దగ్గు మొదలైనా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీ నొప్పి పుట్టినా తెల్లారేదాకా ఆగొద్దు. గదిలో మిగతా కుర్రాళ్ళకి నేను ఈ పని అప్పజెప్తాను: రోజుకి రెండుసార్లు తలుపు దగ్గర నిలబడి వాడితో పొడుగ్గా మాట్లాడించండి. ఒక వాక్యం పూర్తిచేయడానికి మధ్యలో ఊపిరి తీసుకుంటున్నాడంటే నన్ను లేపండి.

తడబడుతూ నడవడం, మాట తేడాగా ఉండటం, మత్తుగా పడి ఉండటం, మెడ బిగుసుకోవడం, పొక్కుల్లో రక్తం కనబడటం కూడా వెంటనే వెళ్ళాల్సినవే. నాలుగు రోజులు దాటినా జ్వరం దిగకపోయినా, దిగి మళ్ళీ వచ్చినా, ఒక పొక్కు చుట్టూ ఎర్రగా వాచి వేడిగా ఉన్నా డాక్టరు మళ్ళీ చూడాలి.

ఇంటి పద్ధతుల గురించి. వేపాకు పక్కన పరచుకోండి, వేపరెమ్మతో దురదని నెమ్మదిగా నిమురుకోండి, హాయిగా ఉంటుంది. పగిలిన పొక్కుల మీద వేపాకు, పసుపు నూరి పూయొద్దు. చెక్కు కట్టేచోట మురికి చేరుతుంది. బేసి రోజు చూసి నీళ్ళు పోసేదాకా స్నానం వద్దంటారు కొందరు. రోజూ గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని, రుద్దకుండా మెత్తటి బట్ట అద్దుకోవడమే మంచిది. ఆ నీళ్ళలో వేపాకు వేస్తామంటే వేసుకోండి. దురదకి కాలమైన్ లోషన్, డాక్టరు రాస్తే సెట్రిజిన్. గోళ్ళు పొట్టిగా కత్తిరించాలి. మగవాళ్ళు గెడ్డం గీసుకోకూడదు.

తిండి దగ్గర మాత్రం నేను కొంచెం పోట్లాడతాను. తాలింపు వేయకూడదు, ఉప్పు తగలకూడదు అని వారం పాటు చప్పిడి కూడు పెడితే మనిషి నీరసించిపోతాడు. ఆటలమ్మకి పథ్యం లేదు. నోట్లో పొక్కులుంటే కారం, పులుపు మండుతాయి కాబట్టి పెరుగన్నం, మెత్తటి పప్పన్నం, ఇడ్లీ, మజ్జిగ, కొబ్బరినీళ్ళు పెట్టండి. పూజ ఉన్న ఇంట్లో గుడ్డు వండొద్దంటే వండకండి, పప్పు ఇంకో గరిటె ఎక్కువ వేయండి.

ఇక ఆ ఇంట్లో, ఆ గదిలో ఉన్న మిగతావాళ్ళు. పొక్కులు రావడానికి రెండు రోజుల ముందునుంచే అంటుకునే జబ్బు ఇది, గాలి ద్వారా కూడా. ఒకే ఇంట్లో ఉండి, ముందెప్పుడూ రానివాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది దాకా పడతారు. అందుకే మొదటి రోజే అందరూ తమ అమ్మకి ఫోన్ చేసి "నాకు చిన్నప్పుడు పోసిందా?" అని అడగాలి. పోయలేదంటే మూడు రోజుల్లోపు, మరీ అయితే ఐదు రోజుల్లోపు టీకా వేయించుకుంటే జబ్బు రాకపోవచ్చు, వచ్చినా తేలిగ్గా పోతుంది. ఎవరికీ గుర్తులేకపోతే రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఉంది. గుర్తులేనివాళ్ళలో చాలామందికి నిజానికి రక్షణ ఉండే ఉంటుంది. సోకితే 10 నుంచి 21 రోజుల మధ్య బయటపడుతుంది కాబట్టి ఆ తేదీలు క్యాలెండర్లో గుర్తుపెట్టుకోండి. పరీక్షలు, ప్రయాణాలు, ఇంట్లో పెళ్ళి ఆ మధ్యలో ఉంటే ముందే ఆలోచించుకోవచ్చు. సర్పి (షింగిల్స్) కూడా ఇదే వైరస్ వల్ల వస్తుంది, అది ఉన్నవాళ్ళ పొక్కుల నీరు తగిలినా ఇలాగే ఆటలమ్మ రావచ్చు. ఇంట్లో తాతయ్యకి సర్పి లేస్తే దాన్ని బట్టతో కప్పి ఉంచాలి.

గర్భిణికి ఈ టీకా వేయరు, అందులో ఉన్నది బతికున్న వైరస్. ఆమెకి ముందు రాలేదని తేలితే అదే రోజు గైనకాలజిస్టుకి చెప్పాలి. పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల సూది) ఇవ్వొచ్చు, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. మొదటి 20 వారాల్లో వస్తే వందలో ఇద్దరి లోపు పిల్లలకి అవయవ లోపాలు రావచ్చు. కాన్పుకి ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా తల్లికి పొక్కులు లేస్తే పుట్టిన బిడ్డకి ప్రాణాపాయం. అందుకని చెల్లెలు పురిటికి వచ్చి ఉన్న ఇంటికి ఈ జబ్బుతో ఎవరూ వెళ్ళొద్దు. మా పై గది కుర్రాళ్ళు జ్వరం రాగానే ఊరి బస్సెక్కబోతారు. నేను ఆపేది దీనికోసమే.

ఇంకా రానివాళ్ళు ఏ హడావుడీ లేనప్పుడే టీకా వేయించుకోండి. పెద్దవాళ్ళకి రెండు డోసులు, మధ్యలో నాలుగు నుంచి ఎనిమిది వారాలు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల్లో ఇది లేదు కాబట్టి ప్రైవేటులో డబ్బు పెట్టాల్సిందే. పెళ్ళి కుదిరిన ఆడపిల్లలు, టీచర్లు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు, హాస్టళ్ళకి వెళ్తున్నవాళ్ళు ముందు వేయించుకోవాలి. ఆడవాళ్ళు డోసు పడ్డాక ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి.

మళ్ళీ పనికి ఎప్పుడు వెళ్ళాలంటే, ఒంటి మీద ఒక్క నీటి పొక్కు కూడా లేకుండా అన్నీ చెక్కు కట్టాక. మామూలుగా పొక్కులు లేచిన ఐదు నుంచి ఏడు రోజులకి అవుతుంది, పెద్దవాళ్ళకి ఇంకాస్త పట్టొచ్చు. చెక్కులు పూర్తిగా రాలిపోయేదాకా ఆగనక్కర్లేదు. వాటిని గిల్లకుండా ఉంటే మచ్చలూ తగ్గుతాయి. ఆఫీసులో సెలవు అడిగేటప్పుడు డాక్టరు చీటీ మీద పొక్కులు మొదలైన తేదీ రాయించుకోండి.