ఆపరేషన్ థియేటర్లో మీ వంతు కేసులు అడిగి తీసుకోవడం ఎలా

సర్జరీ శిక్షణలో ఉన్న అమ్మాయిలకు ఈ మాటలు. నా చేతికి 6వ నంబరు గ్లౌజు, అంటే చిన్న చెయ్యి. స్టాప్లర్ (కణజాలానికి పిన్నులు వేసే పరికరం) పిడి ఒంటి చేత్తో నొక్కలేకపోతే "నీ చెయ్యి చాలదమ్మా" అని ఒక సీనియర్ పక్కకు జరిపారు. లోపం పిడిది. రెండు చేతులతో నొక్కండి, లేదా బ్యాటరీతో నడిచేది అడగండి. లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్‌లో) పరికరాల పిడులు మోచేతి ఎత్తులో ఉండాలి. బల్ల దించమనండి, మెట్టుపీట తెప్పించుకోండి, మొహమాటపడకండి.

అసలు పేచీ లాగ్‌బుక్కులో, అంటే మనం పాల్గొన్న ఆపరేషన్లు రాసుకునే పుస్తకంలో ఉంటుంది. కోత పెట్టారా, ముఖ్యమైన ఘట్టం చేశారా, కెమెరా పట్టుకుని నిలబడ్డారా అన్నది ఏ రోజుకారోజు రాసుకోండి. ఆరు నెలలకు లెక్క తీయండి. నా లెక్కలో 41 కేసులకు 33 కెమెరావే! ఆ కాగితం విభాగాధిపతి ముందు పెట్టి, "వచ్చే నెల రెండు పిత్తాశయం కేసులు నాకివ్వండి సార్" అన్నాను. ఆయన కూడా అంతవరకూ లెక్క చూడలేదట.

ప్రసూతి సెలవుకు వెళ్లేముందే, తిరిగొచ్చాక మీకు దక్కే కేసుల వంతు రాతపూర్వకంగా తీసుకోండి.